సినిమాలో నేను తీసేయించిన చర్చి

నాకు భయం శానా ఎక్కువ. బడిలో పిల్లోల్ల ముందర పులి మాదిరి ఉంటా. హెడ్మాస్టరుతోనైనా నోరు చేస్తా. కూరగాయలామె తూకం తగ్గించిందంటే వీధి వీధంతా వినపడేట్టు కొట్లాడతా. కానీ గేటు కాడ ముక్కూ మొగం తెలీని మనిషి కాగితాలు పట్టుకొని నిలబడినాడంటే చాలు, వంటింట్లోకి పోయి తలుపు ఎనక నిలబడతా. ఈ భయం నాకు ఉద్యోగంతో పాటే వచ్చింది, ఇంకా పోలేదు.

దాని సంగతి ముందే చెప్పేస్తా, లేకుంటే తర్వాత చెప్పేది ఏదీ అర్థం కాదు. మాది డోన్ పక్కన ఒక ఊరు. మా తాతల కాలంలోనే మా పేట పేటంతా చర్చిలో కలిసింది. ఊర్లో ఏ దేవళమూ మమ్మల్ని గడప తొక్కనీయని రోజుల్లో ఆ చర్చి తలుపు తెరిచి లోపల కూర్చోమనింది. కూర్చున్నాం. అంతే కథ. అయితే కాగితాల్లో మేము హిందువులం, ఎస్సీలం. చర్చిలో నాకొక పేరు, బడి రిజిస్టర్లో ఇంకొక పేరు. మాయమ్మకూ అంతే, నా కూతురికీ అంతే. క్రైస్తవులమని తేలితే ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు, అది చట్టం. చర్చికి పోయినంత మాత్రాన ఊర్లో ఎవరన్నా మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకున్నారా? ఆ ముక్క చట్టానికి ఎవరు చెప్పల్ల? ఇట్ల రెండు పేర్లతో బతికేటోల్లు మా పక్క శానా మంది ఉండారు. అందరికీ తెల్సు, ఎవరూ పైకి అనరు. కానీ ఎవరికో ఒకరికి కన్ను కుట్టి ఒక అర్జీ రాస్తే చాలు, ముప్పై ఏండ్ల బతుకు మూడు రోజుల్లో వీధిన పడతాది.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తా. ఆధారం లేకుండా చరిత్ర రాయగూడదు అని ప్రతి సంవత్సరం మొదటి పాఠంలోనే పిల్లోల్లకు చెప్తా. ఇప్పుడు చెప్పబోయేది ఆ టీచరమ్మ చేసిన పని.

పోయినేడాది వానలు వెనకపట్టినాక, కర్నూలు పక్కన కల్లూరులో ఇప్పుడు మేముండే ఇంటికి ఒక సినిమా డైరెక్టరు వచ్చినాడు. రాజంపేట పక్క మనిషి. సన్నగా, గడ్డంతో, ముప్పై ఏండ్లు కూడా నిండనట్టు ఉన్నాడు. గేటు కాడ చేతిలో కాగితాలతో నిలబడినాడు కాబట్టి నేను ముందు తలుపు ఎనకకే పోతి. తీరా చూస్తే ఆ కాగితం ఒక పాత పేపరు ముక్క. మా ఊరోళ్లు పెద్దవీధిలో చెప్పులేసుకొని నడిచిన రోజు గురించి నాలుగు వాక్యాలు.

"మేడం, దీని మీద సినిమా తీయల్లనుకుంటాండా. మీ అమ్మగారు ఆ రోజు ముందర నడిచినారంట గదా," అన్నాడు.

కూర్చోబెట్టి టీ ఇచ్చినా. ఆ పిల్లోడు చెప్పిన మాటలు నాకు శానా నచ్చినాయి. "మన హక్కుల మీద తీసిన సినిమాలన్నీ చూడండి మేడం. యాడ చూసినా బయట్నుంచి ఒగడు వస్తాడు. వాడు వచ్చి చెప్తే గానీ మనోళ్లకు రోషం రాదు. మనోళ్లు వాని ఎనక నడుస్తారు. నేను అట్ల తీయను. జరిగింది జరిగినట్టే తీస్తా, ఒక్క గుండీ కూడా తప్పు ఉండకూడదు," అన్నాడు. నేను చరిత్ర చెప్పేదాన్ని గాబట్టి, ఆ రోజు పదేండ్ల పిల్లగా అక్కడ ఉన్నదాన్ని గాబట్టి, స్క్రిప్టు చదివి తప్పులు దిద్దమన్నాడు. సినిమా చివర్లో పేరు వేస్తామన్నాడు. ఏ పేరు వేస్తాడో అని నాకు అప్పుడే దిగులు పుట్టింది. పేరు వద్దులేప్పా అంటి.

మాయమ్మకు డెబ్బై దాటినాయి. మా ఆయన పోయినప్పటి నుంచీ నా కాడనే ఉండాది. ఎడమ మోచెయ్యి చాపలేదు, ఆ రోజు తగిలిన దెబ్బ. ఆ చెయ్యి గురించి ఇన్నేండ్లల్లో ఇంటికొచ్చినోల్లు ఎవరూ అడగలేదు. ఈ పిల్లోడు అడిగినాడు. ఇంకేముంది! రెండు రోజులు పొద్దున నుంచి సాయంత్రం దాకా చెప్తానే ఉండాది. ఆ పిల్లోడు ఫోన్లో రికార్డు చేసుకుంటానే ఉన్నాడు.

ఆమె చెప్పిందంతా నిజమే. మా ఊరి పెద్దవీధి నాపరాయి పరిచిన వీధి. ఎండాకాలం పెనం మాదిరి కాలుతాది. ఆ వీధిలో మేము చెప్పులు చేతబట్టుకొని నడవల్ల, లేదంటే ఊరిచుట్టూ తిరిగి బస్సుకు పోవల్ల. అందుకే మా పేటలో శానా మందికి చెప్పులే లేవు. ఏసుకోనీయని దానికి కొనేదెందుకు? ఒక ఏడు చర్చిలో పంట కానుకలిచ్చే కోతల పండగ అయినాక మా చర్చి అయ్యగారు, అయ్యగారంటే మాకు పాస్టరు, ఇంక చాలు అన్నాడు. "బైబిల్లో దేవుడు చెప్పులు విడవమని చెప్పింది పరిశుద్ధమైన చోటనే. ఆ చోటు ఈ పెద్దవీధి కాదు," అన్నాడు. ఆ మాట మా పేట్లో ఇంటింటికీ పాకింది.

అయ్యగారి భార్య అందరి పాదాలకూ తెల్లదారంతో కొలత తీసింది. ఇంటికొక రకం ముడి వేసి, దారాలన్నీ చర్చి కిటికీ ఊచకు కట్టింది. ఆ దారాల కట్ట పట్టుకొని ఇద్దరు డోన్‌కు పోయి చెప్పుల అంగడి శెట్టి ముందర పెట్టినారంట. "ఏమప్పా, ఊరందరికీ ఒకే రోజు పెండ్లా?" అన్నాడంట శెట్టి. గోనెసంచుల్లో చెప్పులొచ్చినాయి. దారాలు కలిసిపోయి మాయమ్మకు మగోల్ల చెప్పులు వచ్చినాయి. ఆదివారం ఆరాధన అయినాక, దీవెన వాక్యం అయినాక, ఎవరూ ఇండ్లకు పోలేదు. చర్చి బయట విడిచిన చెప్పులు ఏసుకొని అట్లనే పెద్దవీధిలోకి తిరిగినారు. ముందర అయ్యగారు, పక్కన మాయమ్మ. మాయమ్మ చెప్పులు టపటపా కొట్టుకుంటాంటే వీధి మొదట్లోనే అందరికీ తెలిసిపోయింది, వస్తాండారని.

రాళ్లు పడినాయి. కట్టెలు పడినాయి. మాయమ్మ చెయ్యి విరిగింది, అయ్యగారి తల పగిలింది. అయినా వీధి చివరి దాకా నడిచినారు. నేను మాయమ్మ కొంగు పట్టుకొని నడిచినా. భయానికి లంగాలోనే పోసుకున్నా. ఈ మాట డైరెక్టరుకు చెప్పలేదు, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ పిల్లోడు రికార్డు చేసుకొని పోయిన పది రోజులకే మా పాపకు టీచరు పోస్టు వచ్చింది. నాలుగేండ్లు కర్నూలులో కోచింగులు తిరిగి, కండ్లు గుంతలు పడేట్టు చదివి తెచ్చుకున్న ఉద్యోగం. లిస్టులో పేరు చూసి ఇద్దరం ఏడ్చినాం. ఆ కింద లైనులో ఉండాది, నెల రోజుల్లో సర్టిఫికెట్ల వెరిఫికేషన్ అని. అది చదివినాక ఏడుపు ఆగిపోయింది.

అదే వారం స్టాఫ్ రూములో ఒకామె చెప్పింది. ఏదో మండలంలో ఒక పిల్ల ఇట్లనే సెలెక్టయితే, ఆ పిల్ల పెండ్లిలో అయ్యగారు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాన్న ఫోటో ఎవరో పంపించినారంట. విచారణ పెట్టినారంట. ఉద్యోగం యాడిదక్కడే ఆగిపోయిందంట. "నీకేం భయం లేదులే," అనింది ఆమె నా మొగం చూసి. ఎందుకనిందో నాకు తెలీదు. తెలిసి అనిందా, తెలీక అనిందా అని మూడు రోజులు అన్నం సయించలేదు.

ఇంటికొచ్చి ముందుగదిలో సిలువ బొమ్మున్న క్యాలెండరు తీసేసినా. అది ఉన్న చోట గోడ తెల్లగా కనపడతాంటే, బంగారంగడోల్లు ఇచ్చిన లక్ష్మీదేవి క్యాలెండరు తెచ్చి తగిలించినా. మాయమ్మ మంచం మీద నుంచి చూసి, "ఏమే, ఇల్లు గాని మారినామా?" అనింది.

స్క్రిప్టు అప్పుడొచ్చింది. మొదటి పేజీలో పెద్దక్షరాలతో ఉండాది, ఇది నిజంగా జరిగిన కథ అని. లోపల అన్నీ ఉండాయి. చర్చి ఉండాది. కిటికీ ఊచకు దారాలు ఉండాయి. అయ్యగారు ఉన్నాడు, ఆయన అన్న మాట ఉండాది. మా పేటోల్లు ఇంటిపేర్లతో సహా ఉండారు. చివరి సీన్లో మాయమ్మనే, నిజం మాయమ్మనే, మా ఊరి చర్చిలో ముందు బెంచీ మీద కూర్చున్నట్టు చూపించాలని రాసినాడు. అంత బాగా రాసినాడు. చదివినాక లేచిపోయి గేటుకు గడి పెట్టొచ్చినా.

ఇదంతా తెర మీద పడితే ఇంక ఫోటో పంపించే పని కూడా లేదు ఎవరికీ. టికెట్టు కొనుక్కొని చూసి అర్జీ రాసుకోవచ్చు. ఇదో ఈమె ఫలానా టీచరు తల్లి, ఇదో ఈమె మనవరాలు ఈ మధ్యనే ఎస్సీ కోటాలో ఉద్యోగం తెచ్చుకునింది, చూడండి చర్చిలో ఎట్ల కూర్చున్నారో అని.

పాపకు చూపించినా. చదివి కాగితాలు సమంగా సర్దింది. "అవ్వ చెప్పింది నిజమే గదా మా," అనింది.

"నిజమే."

"నిజం చెప్తే నా ఉద్యోగం ఎందుకు పోవల్ల మా?"

"నోరు మూసుకొని నీ సర్టిఫికెట్లు జిరాక్సు తీయించుకో పో," అంటి. బిడ్డను అట్ల కసిరినందుకు ఇప్పటికీ బాధగానే ఉండాది. ఆ పిల్ల అడిగిన దాంట్లో తప్పేముంది?

మరుసటి రోజు బడికి సెలవు పెట్టి డోన్ బస్సెక్కినా. అక్కడ ఒక ఇల్లు బాడుగకు తీసుకొని సినిమావాళ్లు ఆఫీసు పెట్టుకున్నారు. బస్సులో కూర్చొని దారంతా అబద్ధం నేర్చుకున్నా, పిల్లోల్లు పద్యం వల్లె వేసినట్టు.

డైరెక్టరు లేచి నిలబడి కుర్చీ వేసినాడు. నేను స్క్రిప్టు తెరిచి చిన్న తప్పులతో మొదలు పెట్టినా. "అప్పుడు ఆ వీధిలో తారు లేదప్పా, నాపరాళ్లు. మేము వరన్నం తినేవాళ్లం కాదు, జొన్నసంగటి. మా పక్క పిల్లలు అమ్మను 'మా' అంటారు, నువ్వు రాసినట్టు 'అమ్మగారూ' అనరు. ఈ సీన్లో బస్సు ఎర్రది, పచ్చది కాదు." ఆ పిల్లోడు తల ఊపుతా ఒక్కొక్కటే రాసుకున్నాడు. ఎంత సంతోషపడినాడో! మీలాంటోళ్లు దొరకడం మా అదృష్టం మేడం అన్నాడు. నాకు సిగ్గుతో చెవులు కాలినాయి. అయినా ఆగలేదు.

"ఇంకొకటి. చర్చి," అంటి.

"చెప్పండి మేడం."

"చర్చిలో జరగలేదప్పా. కళ్లంలో అనుకున్నారు అందరూ. జొన్నలు నూర్చే కళ్లంలో. అయ్యగారు గాని, ప్రార్థన గాని ఏమీ లేవు."

అతను పెన్ను కింద పెట్టినాడు. "అవ్వ చర్చి అనింది గదా మేడం? దారాలు చర్చి కిటికీకి కట్టినామని కూడా చెప్పింది."

"అవ్వకు వయసైపోయింది. ఆ తర్వాత ఎప్పుడో ప్రార్థనలకు పోయింటాది, అదీ ఇదీ కలిపేసుకుంటాది. ఇంట్లో కూడా అట్లనే, నిన్నటిది మొన్నది అంటాది," అంటి. మాయమ్మ బుర్ర గడియారం మాదిరి పని చేస్తాది. ఆమెకు మతిమరుపు అని నా నోటితో నేను చెప్పినా.

అతను స్క్రిప్టులో ఆ పేజీ తీసి మళ్లీ చదువుకున్నాడు. తెలిసిపోయిందనుకున్నా. తర్వాత నిదానంగా అడిగినాడు. "అయితే మేడం, అయ్యగారు లేకుంటే ముందర నడిచింది ఎవరు? ఊరందరినీ కదిలించింది ఎవరు?"

దానికి నేను తయారుగా పోలేదు. "ఎవరో చదువుకున్న పిల్లోడప్పా. టౌను నుంచి వచ్చినాడు. పేరు గుర్తులేదు," అంటి. ఆ మాట నా నోట్లోంచి ఎట్ల వచ్చిందో దేవునికే తెల్సు. ఆ రోజు ఏ తీరు సినిమాలు ఆ పిల్లోనికి అసహ్యమని చెప్పినాడో, అదే తీరు సినిమా నేనే వాని చేతిలో పెట్టినా.

చివర్లో ఒక కాగితం ముందర పెట్టినాడు. సంఘటనలు వాస్తవమని సలహాదారు ధ్రువీకరించినట్టు. సంతకం పెట్టినా. రిజిస్టరులో ఉన్న పేరుతోనే పెట్టినా.

వెరిఫికేషన్ రోజు కర్నూలులో ఆఫీసు ముందర పొద్దున ఎనిమిదికే వరసలో నిలబడినాం. మాయమ్మను ఇంట్లోనే ఉంచినా. లోపల టేబుల్ కాడ ఉన్నాయన పాప కాగితాలు ఒక్కొక్కటే తిప్పినాడు. తిప్పి, కండ్లజోడు పైనుంచి చూసి, "ఇంట్లో అందరూ హిందువులేనా?" అన్నాడు. అందరినీ అడుగుతాన్నాడో మమ్మల్నే అడిగినాడో అర్థం కాలేదు. "అవును సార్," అనింది పాప. ఆ గొంతు నా బిడ్డది కాదు. ముద్ర పడింది. బయటికొచ్చి గోడ పక్కన కూర్చొని పాప కక్కుకునింది. నేను వీపు రుద్దుతా, ఎవరన్నా చూస్తాండారేమో అని చుట్టూ చూస్తి. బిడ్డ కక్కుకుంటాంటే కూడా నా కండ్లు బిడ్డ మీద లేవు.

ఉద్యోగంలో చేరింది. పాపకు కడప పక్క ఊరు వచ్చింది. భయం తగ్గుతాదనుకుంటి. తగ్గలేదు. ఒక అర్జీ ఎప్పుడైనా రావొచ్చు, చేరినాక అయినా, పదేండ్ల తర్వాత అయినా. నాకు తెలీదా? నాదీ అదే బతుకు గదా.

సినిమా ఈ ఎండాకాలం ముందర తయారయింది. మొట్టమొదటి ఆట డోన్‌లో మా ఊరోళ్లకు ఊరకే చూపిస్తామని డైరెక్టరు ఫోన్ చేసినాడు. అవ్వను తప్పకుండా తేవాలన్నాడు. నేను కాళ్లు నొప్పులన్నా, ఎండలన్నా, బస్సుల్లో రద్దీ అన్నా. మాయమ్మ ఒక్కటీ వినలేదు. "నా చెయ్యి విరిగిన సినిమా నేను చూడొద్దంట, దీని నోరు చూడు!" అని పాపకు ఫోన్ చేసి మరీ పిలిపించుకునింది. ఆదివారం చర్చికి కట్టుకొనే తెల్లచీర కట్టుకొని తయారయింది. సినిమాలో ఏం మార్చినానో ఆమెకు చెప్పే ధైర్యం నాకు రాలేదు. చెప్పల్లని మూడుసార్లు నోరు తెరిచినా, మూడుసార్లూ నీళ్లు కావల్నా మా అని అడిగినా.

పొద్దున ఆట. హాలు నిండా మా పేటోల్లే. ఇద్దరు ముగ్గురు పేపరోల్లు, ఫోన్లు ఎత్తుకొని తిరిగే పిల్లోల్లు. నాకు ఒక పక్క మాయమ్మ, ఇంకో పక్క పాప.

నాపరాళ్ల వీధి వచ్చింది. మాయమ్మ నా చెయ్యి నొక్కి, "అట్లనే ఉండాది," అని మురిసిపోయింది. సంగటి ముద్ద వచ్చింది, ఎర్రబస్సు వచ్చింది. పిల్లలు "మా" అన్నారు. అన్నీ నేను చెప్పినట్టే చేసినాడు ఆ పిల్లోడు. తర్వాత టౌను నుంచి చదువుకున్నోడు ఒగడు సైకిలు మీద వచ్చినాడు. కళ్లంలో కుప్ప మీదికెక్కి మాట్లాడినాడు. మా వాళ్లంతా నోరు తెరుచుకొని వింటాండారు. మాయమ్మ వేషం కట్టిన ఆడమనిషి మూడో వరసలో తలొంచుకొని కూర్చొని ఉండాది.

మాయమ్మ చెయ్యి నా చేతిమీద నుంచి లేచిపోయింది. "చర్చి యాడ?" అనింది. కొంచేపటికి మళ్లీ, "అయ్యగారు యాడమే?"

చీకట్లో మా పేట పెద్దోల్ల మొగాలు చూస్తి. అందరూ అక్కడ ఉన్నోల్లే, అందరూ నడిచినోల్లే. ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఒక్కరూ కిక్కురుమనలేదు. అందరి ఇండ్లల్లోనూ సర్టిఫికెట్లు ఉండాయి.

"నువ్వు చెప్పినావా?" అనింది మాయమ్మ, తెర మీద నుంచి కండ్లు తిప్పకుండానే.

"పాప ఉద్యోగం మా," అంటి.

తెర మీద ఆ సైకిలు పిల్లోడు ముందర నడుస్తాంటే, అందరూ వాని ఎనక నడిచినారు. అందరి కాళ్లకూ ఒకే తీరు కొత్త నల్ల చెప్పులు. ఒక్కరివి కూడా టపటప అనలేదు.

ఆట అయిపోయి లైట్లు వేసినారు. డైరెక్టరు మైకు పట్టుకొని ముందరికొచ్చినాడు. నాలుగు మాటలు చెప్పి, మా వరస కాడికొచ్చి వంగి మాయమ్మ కాళ్లు మొక్కినాడు. "ఇదో, ఆ రోజు నడిచిన అవ్వ," అని అందరికీ చూపించినాడు. ఫోన్లన్నీ మా మీదికి తిరిగినాయి. పది, ఇరవై, లెక్కపెట్టలేదు. "అవ్వా, నువ్వే చెప్పు. అట్లనే జరిగిందా?" అని మైకు ఆమె చేతిలో పెట్టినాడు.

పాణం పోయిందనుకుంటి. మాయమ్మకు మైకు ఇస్తే ఏం చేస్తాదో నాకు తెల్సు. యాభై ఏండ్లుగా ఆమె మైకు పట్టుకునింది చర్చిలో సాక్ష్యం, అంటే దేవుడు చేసిన మేలు, చెప్పేదానికే. పట్టుకున్న వెంటనే "దేవునికి స్తోత్రం" అంటాది, అది అలవాటు, ఊపిరి మాదిరి. ఆ రెండు మాటలు చాలు. పక్కన కూర్చున్న నా బిడ్డ మొగం ఆ ఫోన్లల్లో ఉండాది. పైగా మాయమ్మ సాక్ష్యంలో ఒక్క అబద్ధం ఎప్పుడూ చెప్పలేదు. చెప్పేది రాదు ఆమెకు. పాప నా చీర కుచ్చిళ్లు గట్టిగా పట్టుకునింది.

మాయమ్మ లేచి నిలబడింది. మైకు రెండు చేతులతో పట్టుకుందామని చూసింది, ఎడమ చెయ్యి లేవలేదు. ఒక చేత్తోనే పట్టుకునింది. నన్ను చూడలేదు. పాపను చూసింది.

"నమస్కారమప్పా అందరికీ," అనింది.

ఆమె నోట మైకు ముందర ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

"అట్లనే జరిగింది. కళ్లంలోనే అనుకుంటిమి. ఆ పిల్లోడే ముందర నడిచినాడు. నేను ఎనక ఉంటి," అని మైకు ఇచ్చేసి కూర్చునింది.

హాలంతా చప్పట్లు కొట్టినారు. డైరెక్టరు కండ్లు తుడుచుకున్నాడు. మా పేట పెద్దోల్లు తలలొంచుకొని చప్పట్లు కొట్టినారు. పాప ఏడ్చింది. నేను మాత్రం, చెప్తే సిగ్గుపోతాది, హమ్మయ్య అనుకుంటి. నిజంగా అంతే అనుకుంటి.

కల్లూరుకు వచ్చేదాకా బస్సులో మాయమ్మ కిటికీ పక్కకే తిరిగి కూర్చునింది. అలిగిందేమోనని వేరుశనగకాయలు కొనిచ్చినా. తినింది. ఇంట్లో మామూలుగానే మాట్లాడింది, ఉప్పెక్కువైందని నా మీద అరిచింది కూడా. సరేలే, మర్చిపోయిందిలే అనుకుంటి.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం నెల మొదటి ఆదివారం. కల్లూరులో మేము పోయే చర్చిలో ఆ రోజు ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. తీసుకునే ముందు ఎవరి మనసు వాళ్లు చూసుకోవల్ల. ఎవరితోనన్నా అబద్ధమాడింటే, కొట్లాడింటే ముందు పోయి సరిచేసుకొని రావల్ల, లేకుంటే ముట్టగూడదు. అది మా కట్టుబాటు. మాయమ్మ నా ఎరుకలో ఒక్కసారి కూడా మానలేదు. చెయ్యి విరిగి కట్టు కట్టినప్పుడు కూడా కుడిచేత్తో తీసుకునింది.

నేనెప్పుడూ చివరి బెంచీలోనే కూర్చుంటా, తలుపు దగ్గర, కొంగు ముందుకు లాక్కొని. ఆ రోజు మాయమ్మ ముందు బెంచీకి పోకుండా వచ్చి నా పక్కన కూర్చునింది. పళ్లెం ఒక్కొక్క బెంచీ దాటుకుంటా మా కాడికొచ్చింది. మాయమ్మ చెయ్యి చాపలేదు.

చెవి దగ్గరికి వంగి, "తీసుకో మా. పాప కోసం గదా అన్నావు, దేవునికి తెలీదా?" అంటి.

మాయమ్మ ఆ పళ్లెం మెల్లగా నా పక్కకు జరిపింది. కోపం లేదు మొగంలో. "నువ్వు తీసుకోమే. నీకు అలవాటే," అనింది.

తలుపు కాడ ఎవరిదో ఫోను చప్పుడయింది. ఫోటో తీస్తాండారేమో అని కొంగు మొగం మీదికి లాక్కున్నా. లాక్కొనే, తీసుకున్నా.